లండను తోటలలో మా పసిబిడ్డలు

విదేశములకు పోవు కుటుంబములకు మనవారు చెప్పు బుద్ధులు చాల గలవు. చింతపండు ఎంత కట్టుకొనవలెను, ఉన్నిబట్టలు ఎక్కడ కొనవలెను, కాగితములు ఎట్లు భద్రపఱచవలెను అను సంగతులు అడుగకయే చెప్పుదురు. కాని బడికి పోవు వయస్సు రాని బిడ్డలతో, భర్త పనికి పోయిన పిదప, తలుపు మూసిన నాలుగు గోడల నడుమ తల్లి పగలంతయు ఏమి చేయవలెనో చెప్పువారు మాత్రము అరుదు. నేడు మన తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో ఒకరైనను విదేశమునకు పోని వీధి కనబడుట కష్టము. కొందఱు భర్తల వెంట పోవుచున్నారు. కొందఱు కూతురి పురుటికో, కోడలి బిడ్డను చూచుకొనుటకో ఆఱునెలల కొఱకు పోవుచున్నారు. అట్టి సోదరీమణులకు ఉపకరించునని తలచి, 2023 ఏప్రిల్ మొదలు 2024 మార్చి వఱకు మేము లండను నగరమున గడపిన సంవత్సరములో అచ్చటి ఉద్యానవనములు మాకును మా బిడ్డలకును చేసిన మేలును ఇచ్చట వ్రాయుచున్నాము.

ఇంటిలోని యిరుకు

మేము కాపురముండినది తూర్పు లండనులోని మైల్ ఎండ్ అను పేట. మూడవ అంతస్తున రెండు చిన్న గదులు, వంటకొక మూల. అప్పటికి మా పెద్దపిల్లకు మూడేండ్లు, చిన్నవానికి ఏడాదిన్నర. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి చేరువనున్న మా యింటిలో ఈ బిడ్డలకు వీధి తిన్నె మొదలు పెరటి తులసికోట వఱకు పరుగెత్తుటకు చోటుండెను. ఒకరి చేయి ఖాళీ లేకున్న మఱియొకరి చేయి యుండెను. అవ్వ యొడి విడిచిన బిడ్డ ఎదురింటివారి యొడిలో తేలెడిది. బిడ్డలు తమంత తామే పెరుగుచున్నట్లు తోచెడిది. లండనులోనో, పది అడుగులు వేసినచో గోడ తగిలెడిది.

రెండవ వారమున మా తలుపు క్రింద ఒక చీటి కనబడెను. క్రింది యింటి యామె వ్రాసినది. తాను రాత్రులు పనిచేసి పగలు నిద్రించుదుననియు, మీ బిడ్డల అడుగుల చప్పుడు తెల్లవాఱినది మొదలు తన తలపై పడుచున్నదనియు మర్యాదగనే వ్రాసెను. ఇందు ఆమె తప్పు లేదు, బిడ్డల తప్పును లేదు. బిడ్డ పరుగెత్తక మానదు, చెక్కనేల మ్రోగక మానదు. రెండు దినములు మేము బిడ్డలను “మెల్లగా, మెల్లగా” అని అదలించుచు గడపితిమి. పెద్దపిల్ల మునివ్రేళ్లపై నడచుట నేర్చుకొనెను. మూడేండ్ల బిడ్డ దొంగవలె నడచుట చూచిన తల్లికి ఎట్లుండునో చదువరులు ఊహింపగలరు. ఆ రాత్రియే మేమును మావారును ఒక నిశ్చయమునకు వచ్చితిమి. వాన కురిసినను, చలి కొఱికినను, పగటి వేళ బిడ్డలను తోటకు కొనిపోవలెను. ఇల్లు వంటకును నిద్రకును మాత్రమే.

ప్రజలు అడిగి పొందిన తోట

మా యింటినుండి నడచిపోగల దూరములో విక్టోరియా పార్కు గలదు. ఈ తోట పుట్టుక వినదగినది. పందొమ్మిదవ శతాబ్దమున తూర్పు లండను కూలివారితో, ఇరుకు వీధులతో, అంటురోగములతో నిండియుండెను. జనన మరణముల లెక్కలు వ్రాయు కార్యాలయమున పనిచేసిన విలియం ఫార్ అను నాతడు 1839లో ఆ లెక్కలను పరిశీలించి, ఈ పేటకు గాలి వెలుతురు గల తోట యొకటి ఉన్నచో చావులు తగ్గునని వ్రాసెను. మఱుసటి యేడు 30,000 మంది చేవ్రాలు చేసి విక్టోరియా రాణికి విన్నపము పంపిరి. 1845లో తోట తెఱవబడెను. ఇప్పుడు దాని విస్తీర్ణము సుమారు 213 ఎకరములు. దీనిని ప్రజల తోట యని పిలుచుట వాడుక. అందు గోపురమువంటి ఒక నీటి మంటపము గలదు. తూర్పు లండను పేదలకు మంచినీరు దొరకుట కష్టముగా నున్న దినములలో ఆంజెలా బర్డెట్ కూట్స్ అను ధనవంతురాలు 1862లో దానిని కట్టించెను. ఆ మంటపము చుట్టును మా చిన్నవాడు నడక స్థిరపఱచుకొనెను.

ఉదయము తొమ్మిదిన్నరకు వంట ముగించి, డబ్బాలో పెరుగన్నము, ఒక సీసాలో రాగిజావ, మఱొక సీసాలో నీరు, రెండు జతల బట్టలు సంచిలో వేసికొని, చిన్నవానిని తోపుడుబండిలో కూర్చుండబెట్టి బయలుదేరెడివారము. ఒక గంట ఉయ్యాలలు, జాఱుడుబల్లలు. తరువాత చెఱువు చెంత బాతులు. చెట్టు క్రింద దుప్పటి పఱచి భోజనము. చిన్నవాడు బండిలోనే నిద్రపోయెడివాడు. ఆ సమయమున పెద్దపిల్లకు కథ చెప్పెడివారము. ప్రొద్దు దిగినప్పుడు ఇల్లు చేరెడివారము. క్రింది యింటి యామె అప్పటికి నిద్ర లేచియుండెడిది. నెల తిరుగునప్పటికి మెట్లపై కలిసినప్పుడు ఆమెయే బిడ్డల బుగ్గలు నిమిరెను.

కొండ, ఉడుత, రామచిలుక

తిరుపతి బిడ్డలకు దిక్కు తెలుపునది కొండ. ఏ వీధిలో నిలిచినను ఇండ్ల కప్పులమీదుగ ఏడుకొండల వరుస కనబడును. కొండవైపు, కొండకు ఎదురువైపు అని మాత్రమే వారికి తెలియును. విక్టోరియా పార్కున మొదటి దినమున పెద్దపిల్ల నాలుగు దిక్కులను చూచి, “కొండ యాడుందమ్మా?” అని యడిగెను. నేల యెంత దూరము చూచినను పలకవలె చదునుగా నుండెను. మేమేమి చెప్పుదుము? కొండ మన యూరిలోనే యున్నదనియు, మనము తిరిగిపోవువఱకు కదలక కూర్చుండుననియు చెప్పితిమి. ఆ మాట ఆ బిడ్డకు నచ్చెను. అటుపిమ్మట ఇసుక కుప్ప పోసినప్పుడెల్ల దానికి కొండ యని పేరు పెట్టి, పైన ఒక పుల్ల గ్రుచ్చి “గోవిందా” యని చేతులు జోడించెడిది.

అచ్చటి ఉడుతలు బూడిదరంగువి, మన ఉడుతకంటె చాల పెద్దవి. అవి యింగ్లండులో పుట్టినవి కావు. అమెరికానుండి తెచ్చి 1876 మొదలుకొని అచ్చట విడిచినవట. వాని వీపున చారలు లేవు. సేతువు కట్టినప్పుడు రాముడు ఉడుతను దువ్విన కథ మా పిల్ల అవ్వ నోట వినియుండెను. చారలు లేని ఉడుతను చూచి, “పాపము, దీనిని దువ్వలేదు” అని జాలిపడెను.

ఇంతకంటె వింత రామచిలుకలది. కెన్సింగ్టన్ గార్డెన్సు అను రాజోద్యానమున ఒక ఉదయము చెట్లపై పరిచితమైన కూత వినబడెను. తలయెత్తి చూచినచో ఆకుపచ్చని రెక్కలు, ఎఱ్ఱని ముక్కు, మగచిలుక మెడలో గులాబిరంగు పట్టె. మన మామిడితోటల రామచిలుకలే! పంజరములనుండి తప్పించుకొన్న చిలుకలు 1970వ దశకమునుండి లండను ప్రాంతపు తోటలలో గూళ్లుకట్టి పిల్లలను పెట్టి స్థిరపడినవి. మన దేశపు జాతియే ఆ చలికి తట్టుకొని వేలకొలది వృద్ధియైనది. దానిని చూచిన దినమున మాకు కలిగిన ధైర్యము ఇంతంత కాదు. చిలుకకు సాధ్యమైనది మనకు కాదా యనుకొంటిమి.

ఇసుకలోని స్నేహము

వారమునకొకసారి భూగర్భపు రైలెక్కి దూరపు తోటలకు పోయెడివారము. పదునొకండేండ్లు నిండని బిడ్డలకు పెద్దలతో కలిసి పోవునప్పుడు ఆ రైలులో టిక్కెట్టు లేదు. కెన్సింగ్టన్ గార్డెన్సులో డయానా రాకుమారి జ్ఞాపకార్థము 2000 సంవత్సరమున ఒక క్రీడాస్థలము ఏర్పఱచిరి. నడుమ పెద్ద కొయ్య ఓడ, ఓడ చుట్టును తీరమువలె ఇసుక. జె. ఎం. బారీ వ్రాసిన పీటర్ పాన్ కథనుబట్టి ఈ ఓడను కల్పించిరి. ఆ కథానాయకుని కంచు విగ్రహము ఆ తోటలోనే 1912లో నిలిపినది నేటికిని గలదు.

మా పెద్దపిల్ల తిరుపతిలో వాగుడుకాయ. లండను చేరినది మొదలు పరుల యెదుట నోరు విప్పుట మానెను. ఎవరైన పలుకరించినచో మా చీరచెఱగున ముఖము దాచుకొనెడిది. ఆఱు వారములు ఇట్లే గడచినవి. మాకు లోలోన దిగులు పట్టుకొనెను. ఒకనాడు ఆ యోడ ప్రక్క ఇసుకలో కూర్చుండి తన కొండను కట్టుచుండగా, వేఱొక దేశపు పిల్ల, ఇంగ్లీషును కాని భాషలో ఏదో చెప్పుచు, అవతలివైపునుండి సొరంగము త్రవ్వుట మొదలిడెను. ఇద్దఱి చేతులును ఇసుక లోపల తగిలినవి. ఇద్దఱును కిలకిల నవ్విరి. “రా, ఇంగొకటి చేద్దాం” అని మా పిల్ల తెలుగులో గట్టిగా అనెను. ఆ పిల్లయు వచ్చెను. ఒకరి మాట యొకరికి తెలియకయే మధ్యాహ్నమువఱకు రెండు కొండలును నాలుగు సొరంగములును కట్టిరి. ఆ సాయంకాలము రైలులో మా పిల్ల ఎదుట కూర్చున్న ముసలాయనకు ఆ ముచ్చటనంతయు తెలుగులోనే చెప్పెను. ఆయన తల యూచుచు వినెను.

లండను నడిబొడ్డున కోరమ్స్ ఫీల్డ్స్ అను మఱియొక పిల్లల తోట గలదు. బిడ్డ వెంటలేని పెద్దలకు అందు ప్రవేశము లేదని గుమ్మమున వ్రాసియుందురు. బిడ్డయే పెద్దను లోనికి తీసికొనిపోవు చోటది. థామస్ కోరమ్ అను ఓడ కప్తాను 1739లో రాజశాసనము పొంది, పెంచుకొనలేని తల్లులు విడిచిన శిశువులకు ఇచ్చట ఆశ్రమము స్థాపించెను. తల్లులు తమ బిడ్డను ఎన్నడైన గుర్తించి తీసికొనిపోవలెనను ఆశతో ఒక గుడ్డపీలికయో, విఱిగిన నాణెమో బిడ్డతో విడిచిపోయెడివారు. అట్టి గుర్తులు ప్రక్కనున్న ప్రదర్శనశాలలో నేటికిని చూడవచ్చును. ఆశ్రమము పట్టణము విడిచిన తరువాత ఆ స్థలము ఇండ్ల వ్యాపారుల పాలు కాకుండ జనులు పోరాడి చందాలు కూర్చిరి. 1936లో అది పిల్లల తోటయైనది. ఆ గుడ్డపీలికలను చూచివచ్చి, ఆ పచ్చికపై మన బిడ్డలు దొర్లుట చూచునప్పుడు కన్నులు చెమ్మగిల్లక మానవు.

పలమనేరు పెద్దమ్మ

మే నెలలో ఒకనాడు విక్టోరియా పార్కున ఉయ్యాలల చెంతనుండగా “ఒరే, మన్ను తినొద్దురా!” అను కేక వినబడెను. పరదేశమున మన తెలుగు, అందును మన చిత్తూరి యాస, చెవిన పడినచో కాళ్లు నిలువవు. పోయి చూడగా అఱువదేండ్ల వృద్ధురాలు, పైన మగవారి చలికోటు, క్రింద నేత చీర, పది నెలల మనుమని చంకనెత్తుకొని నిలిచియుండెను. “మీది యే వూరమ్మా?” అని ఇద్దఱమును ఒక్కసారే యడిగితిమి. ఆమెది పలమనేరు చెంత పల్లె. కొడుకును కోడలును పనులకు పోవుదురు. సందర్శకులకు ఆ దేశమువారు ఒక్క రాకకు ఇచ్చు గడువు సాధారణముగా ఆఱు నెలలు. ఆ గడువులో మనుమని పెంచిపెట్టుటకు వచ్చినది. ఇంగ్లీషు ముక్క రాదు. దారి తప్పినచో చూపుటకు ఇంటి చిరునామా వ్రాసిన కాగితమును వక్కాకు తిత్తిలో పెట్టుకొని, ఆ దినమే మొదటిసారి గడప దాటి వచ్చినదట. “మనిషితో నోరారా మాట్లాడి పది దినాలయిందమ్మా” అని కన్నులొత్తుకొనెను.

ఆ మఱునాటినుండి పెద్దమ్మ మాకు తోడు, మేము ఆమెకు తోడు. ఆమె మా బిడ్డలకు అచ్చనగండ్లు నేర్పెను. దాగుడుమూతలాడించెను. శరదృతువున హార్స్ చెస్ట్‌నట్ అను చెట్టొకటి మన గచ్చకాయలవంటి నున్నని గోధుమరంగు గింజలను రాల్చును. అచ్చటి పిల్లలు వానిని దారమునకు కట్టి ఒకదానితో నొకటి కొట్టి పందెమాడుదురు. అవి తినదగినవి కావు, నోట పెట్టుకొనకుండ చూడవలెను. పెద్దమ్మ ఆ గింజలతో గుంటలాట ఆడించెను. చుట్టునున్న దేశదేశముల పిల్లలు మూగిరి. ఇంగ్లీషు రాని పెద్దమ్మకు ఆ వేళ భాష కొఱత కానరాలేదు.

నవంబరులో ఆమె గడువు ముగిసెను. అంతతో మనుమని పగలంతయు శిశువిహారమున విడువవలసియుండెను. చివరి దినమున ఆమె మా పిల్ల గుప్పిటిలో ఐదు గులకఱాళ్లు పెట్టి, మాతో ఇట్లనెను: “ఆదివారం ఈడికొచ్చినప్పుడు మావాణ్ణి జూసి రెండు మాటలు తెలుగులో మాట్లాడండమ్మా. నేను మళ్లా వచ్చేతలికి నన్ను జూసి అవ్వా అనాల.” మార్చి వఱకు ప్రతి ఆదివారమును ఆమె కొడుకును కోడలును ఆ బాలుని తోటకు తీసికొనివచ్చిరి. మేము తిరిగి వచ్చు ముందటి ఆదివారమున ఆ బాలుడు మా ఫోనులో పెద్దమ్మ ముఖము చూచి “అవ్వా” యని పిలిచెను. పలమనేరు వైపునుండి చాలసేపు మాట రాలేదు.

పాటింపవలసిన పద్ధతులు

ఇట్లు పోవు సోదరీమణులకు కొన్ని సంగతులు తెలిసియుండుట మంచిది. తోటలలో ఉయ్యాలకును జాఱుడుబల్లకును వరుస తప్పదు. మన బిడ్డకు మొదటినుండియు “తరువాత నీది” అను మాట నేర్పవలెను. ఇతరుల బిడ్డలకు తినుబండారములు పెట్టుట మనకు ప్రేమకు గుర్తు, అచ్చట పెట్టరాదు. కొందఱు పిల్లలకు చెనిక్కాయలు సోకినంతనే ప్రాణాపాయము కలుగును. మన పచ్చడిలో, చిత్రాన్నములో, ఉండలో చెనిక్కాయలు తఱచు గాన, తిన్నవెంటనే బిడ్డల చేతులను మూతిని తుడువవలెను. ఇతరుల బిడ్డలకు ఫోటో తీయరాదు. బాతులకు రొట్టెముక్కలు వేయరాదు. అది వాని ఆరోగ్యమునకు మంచిది కాదు. బస్సులో తోపుడుబండి నిలుపు చోటు చక్రములకుర్చీలో వచ్చువారికి ముందుగా చెందును. వారు ఎక్కినచో బండిని మడిచి చోటీయవలెను.

సూర్యకాంతి కొదువగు దేశమున బిడ్డల యెముకలకు విటమిను డి చాలదు. ఒకటినుండి నాలుగేండ్ల పిల్లలకు దినమునకు 10 మైక్రోగ్రాముల చొప్పున చుక్కలు ఇయ్యవలెనని అచ్చటి ఆరోగ్యశాఖ చెప్పును. మన మేనిచాయ గల పెద్దలును ఏడాది పొడుగున దానిని తీసికొనుట యుక్తమని వారి సలహా. వైద్యుని యడిగి నడుచుకొనవలెను.

బయట తిరుగుట వట్టి వినోదము కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో, ఒకటినుండి నాలుగేండ్ల బిడ్డలు దినమునకు కనీసము 180 నిమిషములు శరీరమును కదలించుచు ఆడుకొనవలెననియు, రెండేండ్లు నిండని బిడ్డలకు బొమ్మల తెరలు చూపరాదనియు సూచించెను. చీనాదేశపు గ్వాంగ్‌జౌ నగరమున కొన్ని బడులలో ఆఱేడేండ్ల పిల్లలను దినమునకు 40 నిమిషములు అదనముగా ఆరుబయట ఉంచి మూడేండ్లు పరిశీలించిరి. 2015లో ప్రకటించిన ఫలితమునుబట్టి, అట్లు తిరిగినవారిలో నూటికి 30 మందికిని, తిరుగనివారిలో నూటికి 39 మందికి పైగాను దూరపుచూపు మందగించెను. ఖర్చు లేని మందు ఇంతకంటె ఏమి యుండును?

చలికాలము

డిసెంబరులో లండనున సాయంకాలము నాలుగు గంటలు కాకమునుపే ప్రొద్దు గ్రుంకును. జూనులోనో రాత్రి తొమ్మిది దాటినను వెలుతురుండును. మొదట చలికి వెఱచితిమి. కాని అచ్చటి తల్లులు వానకును మంచుకును ఆగకపోవుట చూచి, పలుచని బట్టలు రెండు మూడు పొరలుగా తొడిగి, పైన నీరంటని అంగీయు, మోకాలివఱకు రబ్బరు జోళ్లును వేసినచో బిడ్డలకు బాధ లేదని గ్రహించితిమి. వాన వెలసిన పిదప గుంటలలో నిలిచిన నీటిలో ఎగిరి దుముకుట వారికి పండుగయే. మన యింటిలో ముక్కు చీదిన బిడ్డను గడప దాటనీయము. ఆ సంవత్సరము మా బిడ్డలకు జలుబు రాకపోలేదు, కాని ఆకలియు నిద్రయు ఎన్నడును చెడలేదు.

తోటలకై పాటుపడిన స్త్రీలు

పిల్లలకు తోట కావలెనను మాట పాఱిన నీరువలె తనంత తాను వచ్చినది కాదు. జర్మనీలో ఫ్రోబెల్ పండితుడు 1840లో తన శిశుపాఠశాలకు ‘పిల్లల తోట’ యని పేరు పెట్టెను. ఆ పేరే నేడు ప్రపంచమంతట వ్యాపించినది. ఇంగ్లండులో ఆక్టేవియా హిల్ అను స్త్రీ, పేదల యిండ్లకు ఆరుబయలే కూర్చుండు గది కావలెనని వాదించి బయళ్లను కాపాడుటకు జీవితమంతయు శ్రమించెను. 1895లో నేషనల్ ట్రస్టును స్థాపించిన మువ్వురిలో ఆమె యొకతె. మార్గరెట్, రేచెల్ మెక్‌మిలన్ అను అక్కచెల్లెండ్రు 1914లో లండనులోని డెట్‌ఫర్డ్ అను పేద పేటలో ఆరుబయటి శిశుపాఠశాల తెఱచి, రోగిష్ఠి బిడ్డలను గాలిలో, ఎండలో, పూలమొక్కల నడుమ పెంచిరి. రెండవ మహాయుద్ధానంతరము లేడీ ఆలెన్ అను వనిత 1946లో కోపెన్‌హాగెను నగరమున పిల్లలు పాత కొయ్యలు, తాళ్లు, ఇటుకలతో తామే కట్టుకొను ఆటస్థలమును చూచివచ్చి, లండనున బాంబులు పడి పాడైన స్థలములను అట్టి ఆటస్థలములుగ మార్చుటకు ఉద్యమము నడపెను.

మనకును ఈ చరిత్రలో దగ్గఱి చుట్టఱికము గలదు. 1907లో రోమునగరమున మొదటి శిశుగృహమును తెఱచిన మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారునకు వచ్చి, యుద్ధకారణమున 1946 వఱకు మన దేశముననే యుండి ఉపాధ్యాయులకు శిక్షణ యిచ్చెను. నాడు మన చిత్తూరు మండలము మద్రాసు రాష్ట్రములోనిదే. బిడ్డ చేతితో చేసియే నేర్చుకొనునను ఆమె బోధ మన గుమ్మము చెంతనే వినబడినది.

మన యూళ్లలో

తిరిగి వచ్చినప్పుడు రేణిగుంటలో విమానము దిగి కారెక్కగానే పెద్దపిల్ల కొండను చూచి కేరింతలు కొట్టెను. కొండ కదలలేదు. కాని ఇల్లు చేరిన పిదప మాకొక విచారము కలిగెను. తిన్నెలు గల యిండ్లు తగ్గిపోవుచున్నవి. తిరుపతిలోను చిత్తూరులోను మన బిడ్డలును మూడవ అంతస్తులలో పెరుగుచున్నారు. వీధిలో బండ్ల ధాటికి బిడ్డను విడువలేము. లండనులో మాకు కలిగిన యిరుకు ఇప్పుడు మన యింటికే వచ్చినది.

మనకు చోటు లేకపోలేదు. తిరుపతిలో శేషాచలపు అంచున 1987లో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర జంతుప్రదర్శనశాల గలదు. కపిలతీర్థము గలదు. కాని అవి పండుగకో సెలవుకో పోవు చోటులు. పసిబిడ్డకు కావలసినది దినమును నడచిపోగల చిన్న చోటు. దానికి కొయ్య ఓడ అక్కఱలేదు. రెండు కానుగ చెట్ల నీడ, బండెడు ఏటి యిసుక, త్రాగునీరు, శుభ్రమైన మఱుగుదొడ్డి, తల్లి వెఱపు లేక కూర్చుండుటకు ఒక బల్ల, ఇవి చాలును. వీనిలో చివరిది చిన్నది కాదు. మన తోటలలో బల్లలు తఱచు మగవారివే. తల్లి కూర్చుండలేని చోటికి బిడ్డ రాదు. మన వేసవియెండకు మధ్యాహ్నము తగదు గాన, ఉదయము ఎనిమిది లోపలను, సాయంకాలము ఐదు దాటిన పిదపను తోట తెఱచియుండవలెను.

ఇది దయాధర్మము కాదు. 1992లో జరిగిన 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంస్థలకు అప్పగింపదగిన పనుల పట్టికలో ఉద్యానవనములను, ఆటస్థలములను స్పష్టముగ పేర్కొన్నది. క్రొత్త లేఅవుట్లు వేయునప్పుడు ప్రజల వాడుకకు కొంత బయలు విడువవలెనను నియమమును గలదు. ఆ బయలు ఏదని అడుగువారు లేనప్పుడు అది కంపచెట్ల పాలో, ఆక్రమణల పాలో అగును. విక్టోరియా పార్కు 30,000 మంది చేవ్రాళ్లతో వచ్చెను. మన వీధి మూలకు ముప్పదిమంది తల్లుల చేవ్రాళ్లు చాలును. అంతవఱకు బడి ఆటస్థలమో, గుడి ప్రాకారమో, అంగన్వాడి ముంగిలియో ఏదున్నను దానిని వాడుకొనవచ్చును. నలుగురు తల్లులు వంతు వేసికొని, దినమునకిద్దఱు బిడ్డలను కాచినచో, మిగిలిన ఇద్దఱికి ఒక గంట తీఱిక దొరకును.

సోదరీమణులారా! దూరదేశమునకు పోవువారు మొదటి వారముననే తమ యింటికి దగ్గఱ తోట యేదో తెలిసికొనుడు. ఊరిలో నుండువారు మీ వీధిలో అట్టి చోటు ఏది గలదో ఈ వారమే చూచి, పొరుగు తల్లులను ఇద్దఱను వెంటబెట్టుకొని, ఒక సాయంకాలము బిడ్డలతో అచ్చట కూర్చుండి చూడుడు.